ఆ సీడీలు పారేయకండి

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన టైం దానికే సరిపోతుంది, మన్నించాలి.

గ్రంథాలయ వారోత్సవాలు కదా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గురించి, అభిరుచుల గురించి పిల్లలకు చెప్పమన్నారు. ఉద్యోగం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. బ్యాంకుల పాత సిస్టమ్‌లలో ఉన్న లెక్కల్ని కొత్తవాటిలోకి మార్చడం మా టీమ్ పని. డేటా మైగ్రేషన్ అంటాం. ఒక్క ఖాతాలో పైసా తేడా వచ్చినా ఆ రాత్రి ఎవరం ఇంటికి వెళ్లం. ఖాళీ దొరికితే, ఎవరైనా ఉచితంగా చదువుకోగల ఆన్‌లైన్ గ్రంథాలయం తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. స్కాన్ చేసిన పేజీ ఒక పక్క, కంప్యూటర్ దాన్ని చదివి ఇచ్చిన అక్షరాలు ఇంకో పక్క. అది 'మ'ని 'వు' అంటుంది, 'థ'ని 'ధ' అంటుంది. ఓపిగ్గా దిద్దాలి. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు 1906లో తెలుగు పుస్తకాలు వేయడానికి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన రోజుల నాటి పుస్తకమైనా సరే, కాగితం నిలిస్తే మళ్లీ అందరి చేతికీ ఇవ్వొచ్చు.

నా బాధ ఆ పుస్తకాల గురించి కాదు. కంప్యూటర్లో టైపు చేయించిన పుస్తకాల గురించి.

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు ఊరూరా తిరిగి సేకరించి 2001లో పుస్తకం వేశారు. కాపీలన్నీ అయిపోయాయి. మళ్లీ వేద్దామంటే దాన్ని కంప్యూటర్లో టైపు చేసిన డీటీపీ సెంటర్ ఎప్పుడో మూతపడింది. మిగిలింది ఒక సీడీ. పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో దాచారు. ఫైలు తెరిస్తే తెర నిండా ఇంగ్లిష్ అక్షరాలు, డాలరు గుర్తులు. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. "ఇందులో మా అమ్మ పాట ఎక్కడుందిరా?" అన్నారు.

ఎందుకలా అయిందో పిల్లలు వినండి. అప్పటి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్నాయి. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. యూనికోడ్, అంటే ప్రపంచ భాషల అక్షరాలకు నంబర్లిచ్చే ఉమ్మడి పద్ధతి, అలా కాదు. 'క'కి ఏ దేశంలోనైనా, ఏ ఫోన్లోనైనా ఒకటే నంబరు, 3093.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'ని ఒక పద్ధతిలో రాసి పంపితే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి, గుర్తుందా? ఆపిల్ ఆ నెలలోనే ఫోన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. ఫోన్లు ఆగాయి కాబట్టి పరుగెత్తారు. మన పుస్తకాలు ఆగిపోతే ఎవరు పరుగెత్తాలి? మనమే కదండీ!

మాస్టారి ఫైలు కోసం ఒక ప్రోగ్రాం రాశాను. ఏ గుర్తు ఏ ముక్కో పట్టిక వేసుకోవాలి, ముక్కలు కలపాలి, వరుస మార్చాలి. ఆ ఫాంటులో క్రావడి, అంటే 'ర' ఒత్తు, అక్షరం కంటే ముందు వస్తుంది, 'ప్రాణం' అన్న మాట వచ్చిన ప్రతిచోటా తిరగెయ్యాలి. అచ్చు పుస్తకం ఒకటి ఈ లైబ్రరీలోనే ఉండబట్టి పోల్చుకోగలిగాను. పాటలన్నీ వచ్చాయి. అమ్మగారి పాట కూడా. బ్యాంకులో పైసాకి పడే జాగ్రత్త ఈ పాటకి పడొద్దా?

ఇక్కడ రచయితలున్నారు, ప్రెస్సు వాళ్లున్నారు. చేతులెత్తి అడుగుతున్నాను. సీడీలు, ఆగిపోయిన కంప్యూటర్లు పాతసామాన్లకి వేసెయ్యకండి. ఫాంటు పేరు గుర్తుంటే కాగితం మీద రాసి వాటికి అంటించండి. ఇకమీదట పుస్తకం వేయిస్తే, డబ్బులిచ్చే ముందే, పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. మీ రచన అందరికీ చేరాలనుకుంటే ఎవరైనా వాడుకోవచ్చని ముందే అనుమతిచ్చే స్వేచ్ఛా లైసెన్సుతో వికీసోర్స్‌కి ఇవ్వండి. లేదంటే మన చట్టం ప్రకారం కాపీరైటు తీరడానికి రచయిత పోయాక 60 ఏళ్లు ఆగాలి.

ఇంటర్ పిల్లలూ, పట్టిక వేయడానికి కోడింగ్ రానక్కర్లేదు. ఏ గుర్తు ఏ అక్షరమో చూసి రాస్తే చాలు. సభ అయ్యాక ఆ మూల బల్ల దగ్గర ఉంటాను, సీడీ డ్రైవ్ తెచ్చాను. ఇంటికెళ్లి తెస్తామన్నా సరే, లైబ్రరీ మూసేదాకా ఆగుతాను.