ఆంటోనీ ప్రసంగం: కోత పడ్డ రంగాలపై చర్చ

యాంకర్: నమస్కారం. మొన్న విజయనగరంలో ఆడిన షేక్స్‌పియర్ నాటకం ‘జూలియస్ సీజర్’లో రెండు రంగాలు ఎత్తేశారని గొడవ. కవి సిన్నాను జనం చంపేది ఒకటి, సీజర్ వీలునామాకి ఆంటోనీ కోత పెట్టేది ఒకటి. కథలో బ్రూటస్, ఇంకొందరు కుట్ర పన్ని సీజర్‌ని పొడిచి చంపుతారు; శవం దగ్గర ముందు బ్రూటస్, తర్వాత సీజర్ స్నేహితుడు ఆంటోనీ జనంతో మాట్లాడతారు. మన ఎన్నికల సభలకీ ఆంటోనీ ప్రసంగానికీ పోలిక ఉందా? మేష్టారూ?

నటశిక్షకుడు: ఎన్నికలు తర్వాత. ముందు బ్రూటస్ సంగతి చూడండి. తను మాట్లాడేసి, ఆంటోనీ ముగించేదాకా ఎవరూ కదలొద్దని చెప్పి మరీ వెళ్లిపోతాడు. ఆఖరి మాట అవతలోడికి వదిలేస్తే ఇంకేటుంది?

లెక్చరర్: పైగా బ్రూటస్‌ది వచనం, ఆంటోనీది పద్యం...

నటశిక్షకుడు: ఆగండమ్మా, అక్కడికే వస్తన్నాను. ఆంటోనీ సీజర్ వీలునామా చూపిస్తాడు, చదవనంటాడు. జనం పట్టుబడితే కిందికి దిగి, శవం చుట్టూ నిలబడమంటాడు. అప్పుడూ చదవడు! సీజర్ అంగీ చూపిస్తాడు. ఇది కాసియస్ బాకు, ఇది కాస్కాది, ఇది బ్రూటస్‌ది అంటాడు. పొడిచినప్పుడు ఆంటోనీ అక్కడ లేడు. ఏ చిరుగు ఎవరిదో ఎలా తెలుసని ఒక్కడడిగాడా?

యాంకర్: అంటే ఎన్నికల సభల్లాగే...

లెక్చరర్: కాదండీ, ఇది చావు సభ.

యాంకర్: జనం మాత్రం అదే జనం కదా మేడం?

నటశిక్షకుడు: తగలబెట్టడానికి పరిగెడుతున్న జనాన్ని వెనక్కి పిలిచి మరీ చదువుతాడు. జనానికి సీజర్ రాసిచ్చింది మనిషికి 75 ద్రాక్మాల డబ్బు, టైబర్ నది ఒడ్డు తోటలు. కోపం ముందు, డబ్బు తర్వాత. తిరగేస్తే బేరమైపోద్ది.

లెక్చరర్: ఆ డబ్బుకే నాలుగో అంకంలో కోత పెడదామంటాడు! ఆ రంగం తీసేస్తే ఆంటోనీ కడిగిన ముత్యమే.

దర్శకుడు: నిడివి కోసం తీశామండి, ఇంకేం లేదు.

యాంకర్: 1892లో ఇదే ఊళ్లో ‘కన్యాశుల్కం’ ఆడారు. గిరీశం కూడా ఇంతేనా?

లెక్చరర్: గిరీశం మనిషి మనిషినీ విడిగా బుట్టలో వేస్తాడు. గుంపు జోలికి...

నటశిక్షకుడు: గిరీశం వద్దు. డైరెక్టరు బాబూ, నా గుండె సీజర్ శవపేటికలో ఉంది, తిరిగొచ్చేదాకా ఆగాలంటాడే ఆంటోనీ, అక్కడ కీబోర్డు ఎందుకు వాయించారు? ఆ ఖాళీలోనే జనం గుసగుసలాడాలి. ఎంత ఎక్కిందో ఆంటోనీ విని తెలుసుకునేది అక్కడే. అందరూ ఒక్కసారే అరిస్తే మార్పు కనబడదు. నలుగురికి నాలుగు గొంతులు పెట్టాలి.

దర్శకుడు: మూకకి మనుషులు దొరకలేదు...

లెక్చరర్: సిన్నా రంగం మాటేమిటి? అదే పేరున్న కుట్రదారు సిన్నాని నేను కాదు మొర్రో అని ఆ కవి అంటున్నా, చెడ్డ పద్యాలు రాశాడు చంపండంటారు. ప్రసంగం ఫలితం...

యాంకర్: మేడం, టైమైపోయింది. మొత్తానికి గెలిచింది ఆంటోనీయే అంటున్నారు మేష్టారు.

లెక్చరర్: నేనలా...

నటశిక్షకుడు: గెలుపు కాదు, వరస! ముందు అంగీ, తర్వాత...

యాంకర్: చిన్న బ్రేక్.