రైతు బజారు రివ్యూ: బెండకాయకు రెండు ధరలు ఎందుకు?

నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ వీడియోకు కారణం ఈ చక్రాల సంచి. తయారుచేసేవాళ్లు ఉచితంగా పంపారు, డబ్బు మాత్రం ఇవ్వలేదు. కూరగాయలు కొనడానికి వెళ్లేటప్పుడు వాడి చూడమన్నారు. ఆదివారం పొద్దున ఆరుంపావుకు దీన్ని ఈడ్చుకుంటూ విశాఖపట్నంలో ఒక రైతు బజారుకు వెళ్లాను. ఏ బజారో చెప్పను. కాసేపట్లో విసుక్కోబోతున్నాను కాబట్టి పేరు లేకుండా ఉండటమే మర్యాద. సంచి సంగతి చివర్లో చూద్దాం, అసలు రివ్యూ బజారుకే.

1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇవి మొదలయ్యాయని, మధ్యలో దళారి ఉండడని, రైతుకు గుర్తింపు కార్డు ఉంటుందని, దుకాణానికి అద్దె కట్టనక్కరలేదని మీరు వేరే చోట వినే ఉంటారు. అవన్నీ వదిలేద్దాం. నాకు ఈ బజారులో ప్రాణంతో సమానమైనది ఒక్కటే: ధరల బోర్డు.

నవ్వకండి. నాకు బేరం చేయడం రాదు. మా అమ్మ వీధిలో తోపుడుబండి ఆపిందంటే ఇరవై అన్నవాడు పన్నెండుకు ఇచ్చి, చివర్లో గుప్పెడు కొత్తిమీర కొసరు వేసి వెళ్లేవాడు. నేను ఆపితే ఇరవై అన్నవాడు పద్దెనిమిదికి కూడా దిగడు. నా మొహంలో ఏదో ఉంది. హైదరాబాదులో ఉద్యోగం చేసినప్పుడు మెహదీపట్నం రైతు బజారులో మొదటిసారి ఆ బోర్డు చూసి, ఈ ఊళ్లో నాకోసం ఎవరో ఆలోచించారు అనుకున్నాను. టోకు ధర కన్నా కాస్త ఎక్కువ, బయట దుకాణం కన్నా తక్కువ. పొద్దున్నే ఆ రోజుకు ఒక అంకె రాసి పెడతారు. బేరం లేదు, మొహమాటం లేదు. అప్పటినుంచి ఏ రైతు బజారుకు వెళ్లినా నా మొదటి పని బోర్డును ఫోటో తీసుకోవడం. మీరూ అలాగే చేయండి, ఎందుకంటే బోర్డు గేటు దగ్గర ఉంటుంది, బెండకాయలు లోపల ఎక్కడో ఉంటాయి. నడిచే లోపు మర్చిపోతాం.

ఇక విసుగు. ఆదివారం బోర్డు మీద బెండకాయ కిలో 28 రూపాయలు. లోపల ఒకావిడ దగ్గర రెండు కుప్పలు. ఒకటి వేలంత పొడుగు, మంచు తడి ఆరని లేత కాయలు. రెండోది ముదురు, కొన విరిస్తే వంగుతుంది కానీ విరగదు. నేను లేతవాటి మీద చెయ్యి వేశాను. "అవి నలభై అమ్మా, బోర్డు ధర ఇవతలి కుప్పకే" అంది. ఫోనులో ఫోటో చూపించాను. ఆవిడ ఫోటో వైపు చూడలేదు, నా సంచి వైపు చూసింది.

నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. బోర్డు మీద ఉన్నది బెండకాయ ధర. లేత బెండకాయ, ముదురు బెండకాయ అని అక్కడ లేదు. కార్యాలయంలో చెబుదామని నాలుగడుగులు వేశాను కూడా. వేసి ఆగిపోయాను. బోర్డు రాసేవాళ్లు కాయను చూడరు, కూరగాయ పేరు చూస్తారు. తెల్లవారకముందే పొలంలోకి దిగి లేతగా ఉన్నప్పుడే కోసుకొచ్చినా, ఇంకో రెండు రోజులు చెట్టుకే వదిలి తూకం పెంచుకుని కోసినా అంకె ఒకటే. లేతగా కోస్తే తూకం తగ్గుతుంది. అంటే నేను ప్రేమించే ఆ బోర్డు, ఆవిడ మంచి పని చేసినందుకు నష్టం రాస్తోంది.

అయినా ఆవిడ చేసింది నియమానికి విరుద్ధమే, అందులో సందేహం లేదు. నా ఫిర్యాదు ఆవిడ మీద కన్నా బోర్డు మీద ఎక్కువ. బెండకాయ పక్కన ఇంకో గీత గీసి మొదటి రకం, రెండో రకం అని రాస్తే సుద్దముక్క ఎంత అరుగుతుంది? అన్నట్టు నేను కొన్నది నలభై రూపాయలవే. ఇంటికొచ్చి వేపుడు చేస్తే జిగురు లేకుండా కరకరలాడింది.

మిగతావి త్వరగా. ఆకుకూరలకు ఈ బజారును మించింది లేదు, గోంగూర కట్ట విప్పితే మట్టి రాలింది, అంత తాజా. ఉల్లి, బంగాళాదుంప మాత్రం చుట్టుపక్కల పండవు కాబట్టి స్వయం సహాయక సంఘాల దుకాణాల్లో ఉంటాయి, వాటి కోసం ప్రత్యేకంగా రానక్కరలేదు. ఫోనుతో డబ్బు కట్టడం అందరి దగ్గరా ఉంది. కానీ దీనివల్ల ఒక నష్టం. ఇదివరకు రెండు రూపాయల చిల్లర లేకపోతే కరివేపాకు రెబ్బలు చేతిలో పెట్టేవారు. ఇప్పుడు 37 అంటే 37 పోతుంది, కరివేపాకు విడిగా కొనుక్కోవాలి.

వెళ్లాలా అంటే, వెళ్లండి. ఏడులోపు వెళ్లండి. ధర అందరికీ ఒకటే అయినచోట ముందు వచ్చినవాళ్లకు లేతవి, పది గంటలకు వచ్చినవాళ్లకు ముదురువి. బేరం రాని నాలాంటివాళ్లకు తెల్లవారుజామున లేవడమే బేరం. నా మార్కులు పదికి ఎనిమిది, ఆ రెండూ బోర్డుకే కోశాను.

సంచి సంగతి. గుడ్డ గట్టిదే, కుట్టు బాగుంది. ఆదివారం జనంలో మాత్రం దీన్ని లాక్కుంటూ నడిస్తే వెనక వచ్చేవాళ్ల పాదాల మీద ఎక్కుతుంది. ఒక పెద్దాయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. పైగా ఆనపకాయ అడుగున పెట్టలేం, పైన పెట్టలేం. మా అమ్మ ఇచ్చిన పాత వైరు బుట్ట మళ్లీ బయటికి తీశాను. ఈ సంచి ఇప్పుడు మా వంటింట్లో ఉల్లిపాయలు పోసుకోవడానికి ఉంది. చక్రాలున్నాయి కదా, ఊడ్చేటప్పుడు పక్కకు నెట్టుకోవడం సులువు.