పండగ కార్డు మీద ఇంటివాళ్ల ఫోటో

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

శుభాకాంక్షల కార్డు మీదికి ఇంటివాళ్ల ఫోటో ఎలా వచ్చిందని అడిగితే ఎవరైనా ముందు కెమెరా సంగతే ఎత్తుతారు. నేను కాగితం దగ్గర, పోస్టాఫీసు దగ్గర మొదలుపెడతాను. ఫోటోగ్రఫీ గురించి 1839లో లోకానికి తెలిసింది. ఆ తర్వాత అరవై ఏళ్ల పైచిలుకు మామూలు కుటుంబాలకు ఫోటో కార్డు అందలేదు. చివరికి అందేలా చేసినవి చవక కాగితం, చవక తపాలా. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఇదే.

అచ్చయిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో వచ్చింది. బ్రిటన్‌లో 1840లో మొదలైన పెన్నీ పోస్టు కోసం పనిచేసిన హెన్రీ కోల్ దాన్ని వేయించాడు. బొమ్మ గీసింది జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ. లితో అచ్చు (రాతి పలక మీద గీసి తీసే అచ్చు) మీద చేత్తో రంగులు వేశారు. ధర ఒక షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీలు. పంపడానికి ఒక పెన్నీ చాలు, కార్డు కొనడానికి మాత్రం పన్నెండు కావాలి. బొమ్మలో ఒక పెద్ద కుటుంబం బల్ల చుట్టూ చేరి, గ్లాసులెత్తి మనవైపే చూస్తూ ఉంటుంది. చిన్నపిల్ల చేత కూడా వైన్ తాగిస్తున్నారని మద్యపాన వ్యతిరేకులు అప్పట్లోనే మండిపడ్డారు. నాకు ఆసక్తిగా అనిపించేది వాళ్లు నిలబడ్డ తీరు. ఫోటో కాకపోయినా అందరూ ఫోటోకి నిలబడ్డట్టే ఉంటారు.

1854లో పారిస్‌లో డిస్‌డేరీ అనే ఫోటోగ్రాఫర్ ఒకే ప్లేటు మీద ఎనిమిది చిన్న ఫోటోలు తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఒక్కసారి స్టూడియోకి వెళ్తే చుట్టాలందరికీ పంచుకునేన్ని ఫోటోలు చేతికొచ్చేవి. రాజా దీన్ దయాళ్ మన సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టేనాటికి అట్టకు అతికించిన ఫోటోల వాడుక బాగా స్థిరపడింది. కానీ అప్పటి ప్రింట్లు గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద, ఎండలో పెట్టి తీసేవి. చలిదేశంలో డిసెంబరులో ఎండ ఎక్కడ దొరుకుతుంది? దొరికినా ఒక్కో ప్రింటుకు ఎంతసేపు కాచుకోవాలి? పైగా ఆ అట్టను కవరులో పెట్టి ఉత్తరం రేటు కట్టాలి. గురి తప్పని షూటర్‌గా పేరొందిన ఆనీ ఓక్లీ 1891లో గ్లాస్గో నుంచి సొంత ఫోటోతో క్రిస్మస్ కార్డులు పంపిందని చెబుతారు. అది పేరున్నవాళ్లకే చెల్లిన ముచ్చట.

దారి తెరిచింది లియో బేక్‌లాండ్. తర్వాతి రోజుల్లో బేకలైట్ ప్లాస్టిక్‌తో ప్రసిద్ధుడైన రసాయన శాస్త్రవేత్త ఈయనే. న్యూయార్క్ పక్కన యాంకర్స్‌లో ఆయన వెలాక్స్ అనే కాగితం తయారుచేశాడు. దానికి ఎండ అక్కర్లేదు. రాత్రి భోజనాలయ్యాక గ్యాస్ దీపం దగ్గర పెడితే ప్రింటు పడుతుంది, దీపానికి దూరంగా జరిగి బొమ్మను తేల్చే డెవలపర్‌లో, దాన్ని చెరగకుండా నిలిపే హైపోలో ముంచి తీయొచ్చు. వంటిల్లే డార్క్ రూమ్. 1899లో కొడాక్ కంపెనీ అధిపతి ఈస్ట్‌మన్ ఆ వ్యాపారాన్ని కొనేశాడు. ఆ ముందు ఏడే, 1898లో, అమెరికా ప్రభుత్వం ప్రైవేటు కార్డుల్ని కూడా ఒక్క సెంటుకే పంపుకోవచ్చని చట్టం చేసింది. కాగితం, తపాలా రేటు అలా ఏడాది తేడాలో కుదిరాయి. 1902లో కొడాక్ వెలాక్స్‌నే పోస్టుకార్డుగా, వెనక చిరునామా గీతలతో అమ్మింది. 1903లో 3ఏ ఫోల్డింగ్ పాకెట్ కొడాక్ వచ్చింది. దాని నెగెటివ్ కొలత 3¼ × 5½ అంగుళాలు, సరిగ్గా పోస్టుకార్డంత. బొమ్మను పెద్దది చేసే ఎన్‌లార్జర్ అవసరం లేకుండా నెగెటివ్‌ను కాగితానికి ఆనించి ప్రింటు తీస్తే, ఆరాక స్టాంపు అంటించి డబ్బాలో వేయడమే.

ఇప్పుడు ఒక కార్డు మీ మధ్య తిప్పుతున్నాను. అంచులు పట్టుకోండి, దయచేసి బొమ్మ మీద వేలు పెట్టకండి. మెట్ల మీద ఐదుగురు కూర్చున్నారు, ముందు ఒక కుక్క ఉంది. కింద తెల్లటి అక్షరాల్లో క్రిస్మస్ శుభాకాంక్షలు ఉన్నాయి. ఆ అక్షరాలు తెల్లగా ఎందుకున్నాయంటే, వాటిని నెగెటివ్ మీద నల్ల ఇంకుతో రాశారు. ఇంకు ఉన్నచోట వెలుతురు దాటదు, కాగితం తెల్లగానే మిగులుతుంది. అయితే మందు పూసిన వైపు రాస్తే అద్దంలోలా తిరగేసి రాయాలి. ఈ ఇంటాయన ఒక 'ఎస్' తిప్పడం మర్చిపోయాడు, చూడండి. ఇది ఫ్యాక్టరీలో కాక ఎవరి చేతిలోనో తయారైందని చెప్పడానికి నాకు ఆ ఒక్క అక్షరం చాలు. చుట్టూ ఉన్న హోలీ (క్రిస్మస్ అలంకరణకు వాడే ముళ్ల ఆకుల మొక్క) ఆకుల అంచు వేరే నెగెటివ్. మధ్య భాగాన్ని మూసి రెండోసారి వెలుతురు చూపించారు. మన స్టూడియోల్లో కొత్త దంపతుల్ని హృదయాకారంలో ఇరికించడానికి వాడిన మాస్కింగ్ విద్యే ఇది.

వెనక్కి తిప్పండి. నిట్టనిలువు గీత ఒకటి చిరునామానూ సందేశాన్నీ విడదీస్తోంది. అమెరికాలో 1907 మార్చి 1 నుంచే దీనికి అనుమతి. అంతకుముందు వెనకవైపు చిరునామా తప్ప ఇంకేం రాయకూడదు. అందుకే పాతకార్డుల్లో మాటలు బొమ్మ పక్కనే ఇరుక్కుని కనిపిస్తాయి. స్టాంపు గడిలో ఏజో (AZO) అనే కాగితం పేరు, మూలల్లో పైకి చూసే నాలుగు త్రికోణాలు ఉన్నాయి. సేకర్తలు ఆ గుర్తును సుమారు 1904, 1918 మధ్య కాలానికి లెక్కేస్తారు. రెండూ కలిపితే ఈ కార్డు 1907కీ 1918కీ మధ్యది. ఐదుగురి పేర్లు మాత్రం ఎక్కడా లేవు. నాకు మనసు కలుక్కుమనేది అక్కడే.

యుద్ధాలు ఈ కార్డుకు మరో పని అప్పగించాయి. 1914 క్రిస్మస్‌కి బ్రిటిష్ రాజదంపతులు తమ ఫోటోలున్న కార్డును సైనికులకు పంపారు. యువరాణి మేరీ పేరిట ఇత్తడి పెట్టెలు కూడా పంచారు. ఫ్రాన్స్ కందకాల్లో ఉన్న భారతీయ సైనికులకూ అవి అందాయి. కొందరి పెట్టెల్లో పొగాకు బదులు పటికబెల్లం, మసాలా దినుసులు పెట్టారు.

రెండో ప్రపంచ యుద్ధంలో జరిగింది ఇంకా విశేషం. ఓడల్లో, విమానాల్లో చోటు కోసం అమెరికా 1942లో వి-మెయిల్ మొదలుపెట్టింది. ఉత్తరాన్ని 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద ఫోటో తీసి, రీలును విమానంలో పంపి, అక్కడ చిన్న ఫోటో కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చేవారు. సైనికుడు శిబిరంలో కూర్చుని గీసిన శాంటా తాత బొమ్మ ఇంటికి ఫోటోగా చేరేది. వి-మెయిల్‌లో ఫోటోలు జతచేయనిచ్చేవారు కాదు. ఒక్క మినహాయింపు ఉండేది. తండ్రి యుద్ధానికి వెళ్లాక పుట్టిన బిడ్డ ఫోటోని ఫారం మీద పెట్టి పంపొచ్చు. ఇంత మెత్తటి తపాలా నిబంధన నేను ఇంకొకటి చూడలేదు.

తర్వాత రంగులొచ్చాయి. 1942లో కొడాకలర్, యుద్ధం ముగిశాక వీధి చివరి ఫోటో షాపులు. నెగెటివ్ ఇచ్చి డిజైన్ ఎంచుకుంటే కవర్లతో సహా కార్డుల కట్ట చేతికిచ్చేవారు. 1963లో వైట్ హౌస్ కార్డు మీద ఈస్ట్ రూమ్‌లోని క్రీస్తు జనన దృశ్యం ఫోటో వేశారు. అధ్యక్షుడు కెనెడీ హత్యకు గురైన డల్లాస్‌కు వెళ్లేముందు ఆ దంపతులు సంతకం చేసినవి ముప్ఫై లోపే. మిగతా కట్టలు అలాగే ఉండిపోయాయి.

మన సంక్రాంతి కార్డు వేరే దారి పట్టింది. పుస్తకాల షాపులో, ఫ్యాన్సీ షాపులో పిల్లలు ఎగబడి కొన్న కార్డుల మీద ఉన్నది ఎన్టీఆర్, కృష్ణ, చిరంజీవి. పంపేవాళ్ల ఫోటో కాదు. అభిమానం ఒక కారణం, ఖర్చు ఇంకో కారణం అని నా అభిప్రాయం. స్టూడియోలో ప్రింటు ప్రింటుకీ డబ్బు కట్టాలి. ఆఫ్‌సెట్ అచ్చులో వేలకొద్దీ ఒకేసారి కొట్టొచ్చు కాబట్టి హీరో చవక. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చి పిల్లల ఫోటోలతో కార్డులు పంపుతుంటే, ఆ పాత కార్డుల్ని దాచుకున్న తాతయ్యలే వాటినీ బీరువాలో పెట్టుకుంటున్నారు.

దాచుకునేవాళ్ల కోసం ఒక మాట. సరిగ్గా హైపో పట్టించి, బాగా కడిగిన నలుపు తెలుపు కార్డు వందేళ్లు దాటినా నిలుస్తోంది. 1960లు, 70ల నాటి రంగుల ప్రింట్లు చీకట్లో ఉంచినా ఎర్రబారిపోతున్నాయి, వాటిలోని నీలిరంగు ముందుగా చెరిగిపోతుంది కనుక. కాబట్టి రంగుల కార్డుల్ని ముందు స్కాన్ చేయండి, రెండు వైపులా. లామినేషన్ చేయించకండి. వెనకాల పేర్లూ ఊరూ ఏడాదీ మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ నొక్కు ముందువైపుకి తేలుతుంది.