అంకె పక్కన ఏం రాశారు?

అందరికీ నమస్కారం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల కాలేజీల నుంచి ఇంతమంది అధ్యాపకులు ఆదివారం పూట కూడా వచ్చినందుకు చాలా సంతోషం.

పర్యావరణ విద్య తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఆ తర్వాత యూజీసీ డిగ్రీలో ఒక పేపరు పెట్టింది. గాలి కాలుష్యం పాఠం మనందరం చెప్తూనే ఉన్నాం. పీఎం 2.5కి, అంటే గాలిలో తేలే 2.5 మైక్రాన్ల లోపు సన్నటి కణాలకి, మన దేశంలో 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, 10 మైక్రాన్ల లోపు కణాలు, అంటే పీఎం 10కి 100. పిల్లలు గడగడా అప్పజెప్తారు. ఆ అంకెను ఎవరు, ఎక్కడ నిలబడి, దేంతో కొలుస్తారమ్మా అంటే మాత్రం క్లాసంతా తల దించుకుంటుంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోని ఊళ్ల జాబితాలో నెల్లూరూ ఉంది, ఒంగోలూ ఉంది. అలాంటి ఊళ్లలో కూర్చుని ఢిల్లీ ఫొటోలతో పాఠం చెప్పడం నాకు తప్పనిపించింది. అందుకే పిల్లల్ని బయటికి తీసుకెళ్లడం మొదలుపెట్టాను.

ఒక జనవరి తెల్లవారుజామున రంగనాథస్వామి గుడి దగ్గర పెన్న గట్టుకి వెళ్లాం. ఏటి మీద దట్టంగా మంచు. చేతిలో పట్టే చిన్న సెన్సార్ ఆన్ చేస్తే పీఎం 2.5 మూడంకెలకు ఎక్కి కూర్చుంది. "మేడం, బండి ఒక్కటీ లేదు, ఇంత ఎందుకుంది?" అని ఒక పిల్లవాడు అడిగాడు. పదిన్నరకి ఎండెక్కాక అదే చోట చూస్తే అంకె సగానికి పైగా దిగిపోయింది.

ఆ సెన్సార్ లోపల ఉండేది లేజర్ వెలుగు. కణం అడ్డొస్తే వెలుగు చెదురుతుంది, చెదిరినదాన్ని బట్టి అది లెక్క కడుతుంది. మంచులో తేమ పట్టి ఉబ్బిన కణం దానికి పెద్దదిగా కనిపిస్తుంది. అలాగని అదంతా అబద్ధమని కొట్టిపారేయలేం. చలికాలంలో రాత్రంతా నేల చల్లబడి, కాస్త పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొయ్యిల పొగ, చెత్త తగలబెట్టిన పొగ పైకి పోలేక మన ముక్కు ఎత్తులోనే తిరుగుతాయి. మరి ఆ అంకెలో పొగ ఎంత, నీళ్లెంత? నేను జవాబు చెప్పలేదు. టీ కొట్టు దాకా పిల్లలు వాదించుకుంటూనే నడిచారు. ఏడాది మొత్తం క్లాసులో నేను రప్పించలేని వాదన అది.

మరుసటి వారం పెద్ద సాంప్లర్ పెట్టాం. నిమిషానికి సుమారు 1.1 ఘనపు మీటర్ల గాలిని ఫిల్టర్ కాగితం గుండా లాగుతుంది. 24 గంటలకు 1,584 ఘనపు మీటర్లు. గాలి సరిగ్గా పీఎం 10 పరిమితి దగ్గర ఉంటే కాగితం మీద చేరేది 158 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పంత కూడా ఉండదు. ఆ కాస్త బరువు తెలియాలంటే కాగితాన్ని చేత్తో తాకకూడదు, పట్టకారుతో పట్టాలి. ముందూ వెనకా డెసికేటర్లో, అంటే తేమను పీల్చేసే మూత పాత్రలో, తేమ ఆరనిచ్చి తూచాలి. తేమ ఆరిపోతుంది కాబట్టి పెన్న గట్టు ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరకడం మొదలవుతుంది.

మొదటి ఏడాది నేను తొందరపడి నాలుగు గంటలే నడిపించాను. దుమ్ము పట్టిన కాగితం, పట్టక ముందుకన్నా తేలిగ్గా తూగింది! తక్కెడ పాడైందనుకున్నాను. ఒకమ్మాయి సాంప్లర్ మూత తీసి చూసి, రబ్బరు వాషరుకు అతుక్కుని చినిగిన తెల్లటి పీచు చూపించింది. ఆ పొరపాటు నాది, కాగితం బిగించింది నేనే. ఆ లెక్కను కొట్టేయకుండా కారణంతో సహా రికార్డులో రాయించాను.

అందుకే నేను అంకె పక్కన ఏం రాశారో చూసి మార్కులు వేస్తాను. వేసవిలో మనకు పొద్దున పడమటి గాలి, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి. సెన్సార్ అదే, మేడ అదే. రోడ్డు తూర్పున ఉంటే సాయంత్రానికి కథ మారిపోతుంది. గాలి ఎటు నుంచో రాయని రీడింగుని నేను తీసుకోను.

పరికరాలు లేవని ఆగకండి. చీమకుర్తి నుంచి వచ్చే ఒక విద్యార్థిని గాజు పలక మీద పల్చగా వాజిలిన్ రాసి, ఒక రోజంతా వాళ్ల వసారా స్తంభానికి కట్టి తెచ్చింది. గ్రానైట్ టిప్పర్లు తిరిగే దారి పక్క ఇల్లు. మైక్రోస్కోపు కింద కోసుగా విరిగిన రాతి పొడి, మధ్యమధ్య నల్లటి మసి. పలకతో పీఎం లెక్క రాదు, దాని మీద పడేది ఎక్కువగా పెద్ద దుమ్మే. ఆ పిల్ల చాలాసేపు కన్ను తీయలేదు. "మా నాన్న చొక్కా దులిపితే రాలేది ఇదే కదా మేడం" అంది. ఒక్క మాట: పిల్లల్ని క్వారీల్లోకి పంపకండి, ఇంటి వసారా చాలు.

భోజనాలయ్యాక మీరు తెచ్చిన సెన్సార్లన్నీ ఈ మేడ మీద ఒకే బల్ల మీద పెడదాం. ఒకే గాలికి ఒక్కోటి ఒక్కో అంకె చూపిస్తుంది. ఆ తేడా ఎంతో రాసుకున్నాకే వాటిని ఊళ్లోకి తీసుకెళ్లాలి. తలా ఒక నోటు పుస్తకం తెచ్చాను. మొదటి గడిలో టైము, రెండో గడిలో గాలి ఎటు నుంచో రాయండి. అంకెకు మూడో గడి ఉంచాను.