లేబుల్ మీద ఉన్న పేరే నిజమా? వాసన రిసెప్టర్ యాంటీబాడీ సంగతి

నమస్కారం అండీ. ఈ ట్యూబ్ చూడండి, చిటికెన వేలంత కూడా లేదు. లోపల వంద మైక్రోలీటర్లు, అంటే ఓ రెండు చుక్కలు. కుందేలు రక్తం నుంచి తీసిన యాంటీబాడీ, అంటే ఫలానా ప్రోటీన్‌ని వెతికి అతుక్కునే ప్రోటీన్. లేబుల్ మీద ఓఆర్51ఈ2 అని ఉంది. అది మనిషికి వాసన పట్టే ఒక రిసెప్టర్ ప్రోటీన్ పేరు.

వాసన రిసెప్టర్ల జన్యువుల్ని 1991లో లిండా బక్, రిచర్డ్ ఏక్సెల్ ఎలుకల్లో పట్టుకున్నారు. 2004లో నోబెల్ వచ్చింది. మనిషిలో పనిచేసేవి దాదాపు 400 ఉన్నాయి. వాటిలో ఈ ఓఆర్51ఈ2 కాస్త విచిత్రం. ముక్కులో ఉండాల్సింది ప్రోస్టేట్ గ్రంథిలో బాగా కనిపిస్తుంది! చీజ్ లాంటి ఘాటు వాసన ఉండే ప్రొపియొనేట్‌ని పట్టుకుంటుంది. అలా పట్టుకుని ఉన్నప్పటి దాని ఆకారాన్ని 2023లో చూడగలిగారు.

సరే, ప్రోస్టేట్‌లో ఉందని ఎలా తెలుస్తుంది? జన్యువు పనిచేస్తోందని దాని నకలైన ఆర్ఎన్ఏ చెబుతుంది. ప్రోటీన్ ఏ కణంలో, ఎక్కడ కూర్చుందో కంటితో చూడాలంటే మాత్రం ఇలాంటి యాంటీబాడీ కావాలి. అసలు తలనొప్పి ఇక్కడే మొదలు. ఈ ప్రోటీన్ గుడ్డలో దారం దూసినట్టు కణం పొరలో ఏడుసార్లు దూరి ఉంటుంది. బయటికి తేలేవి చిన్న చిన్న ముక్కలే. పైగా 400 మందీ అన్నదమ్ములే, పోలికలు కలుస్తాయి. ఒకడి కోసం చేసిన యాంటీబాడీ ఇంకొకడిని పట్టుకుంటే మనకు తెలియను కూడా తెలియదు.

వెస్టర్న్ బ్లాట్‌లో, అంటే ప్రోటీన్లని జెల్‌లో బరువుల వారీగా విడదీసి యాంటీబాడీతో గీతలుగా చూసే పరీక్షలో, ఇంకో తంటా ఉంది. అలవాటుగా శాంపిల్‌ని 95 డిగ్రీల్లో మరిగిస్తాం కదా, పొర ప్రోటీన్లు ఉడికిన గుడ్డులా ముద్దకట్టి జెల్ పైనే ఆగిపోతాయి. అందుకే వీటిని మరిగించకుండా 37 డిగ్రీల దగ్గర ఉంచితే మేలు. అప్పుడు ఈ రిసెప్టర్ బరువుకి తగ్గట్టు 35 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర ఒక గీత వచ్చిందనుకోండి. వెంటనే సంబరపడకండి! ఆ బరువున్న ప్రోటీన్లు కణంలో బోలెడు.

కొంతమంది ఏ చిన్న ప్రోటీన్ ముక్కతో (పెప్టైడ్‌తో) యాంటీబాడీ చేశారో ఆ పెప్టైడ్‌నే కలిపి, గీత మాయమైంది కాబట్టి సరైనదే అంటారు. నాకది నచ్చదు. తప్పు ప్రోటీన్‌కి అతుక్కున్నా ఆ పెప్టైడ్ దాన్నీ ఆపేస్తుంది. జన్యువుల్ని కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో ఆ జన్యువు తీసేసిన కణాలు పక్కన పెట్టి చూడండి. అక్కడా గీత కనిపిస్తే ఆ ట్యూబ్‌ని పక్కన పడేయాల్సిందే, ఎంత డబ్బు పోసి కొన్నా సరే.

ల్యాబ్ కణాల్లో మనమే రిసెప్టర్‌ని పెట్టేటప్పుడు ఓ చిట్కా ఉంది. కంట్లో ఉండే రొడాప్సిన్ ప్రోటీన్ మొదటి 20 అమైనో ఆమ్లాల్ని ముందు తగిలించి, ఆ ముక్కని పట్టే యాంటీబాడీ వాడతారు. రిసెప్టర్ ఏదైనా గుర్తు ఒక్కటే. హాయి. కానీ ఆపరేషన్‌లో తీసిన ప్రోస్టేట్ ముక్కకి ఆ గుర్తు ఎవరు తగిలిస్తారు చెప్పండి? అక్కడ మళ్లీ ఈ రెండు చుక్కల దగ్గరికే రావాలి.