హైడ్రాంజియా తీగ మన వరంగల్‌లో పెరుగుతుందా? నా రివ్యూ

అందరికీ నమస్కారం. హనుమకొండలో మా ఇంటి వెనక, పడమటి గోడ ముందు నిలబడి మాట్లాడుతున్నాను. సాయంత్రం ఆరు దాటింది. ఈ వీడియో ఈ టైమ్‌లోనే ఎందుకు తీస్తున్నానో కాసేపట్లో మీకే కనిపిస్తుంది.

చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. "గోడకు పాకే హైడ్రాంజియా మన దగ్గర పెట్టుకోవచ్చా?" అని. అమెరికాలో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో చూపిస్తారు, మనకు మనసు లాగుతుంది. నాకూ అట్లనే అయింది. న్యూజెర్సీలో మా చెల్లె ఇంటి ఉత్తరం గోడ మీద ఆ తీగ ఉంది. జూన్‌లో గోడంతా తెల్లటి పూలు. ఒక్కో గుత్తి అరచెయ్యంత. నడుమ సన్నని పూలు, చుట్టూ అంచుకు నాలుగు రెక్కల పెద్ద పూలు. చూశాక నాకు నిద్ర పట్టలేదు.

ముందు ఆ మొక్క సంగతి చెబుతాను. అది జపాన్, కొరియా, రష్యాలోని సఖాలిన్ దీవి అడవుల మొక్క. చల్లని చోట్ల పెద్ద చెట్లను పట్టుకుని 12 నుంచి 15 మీటర్ల దాకా ఎక్కుతుంది. మన మల్లెతీగ లాగా చుట్టుకోదు. కాండం నుంచి చిన్న చిన్న వేర్లు వచ్చి గోడను నేరుగా అంటుకుంటాయి, జాలీ కూడా అక్కర్లేదు. దాని గొప్పతనం ఏంటంటే ఎండ సరిగ్గా పడని ఉత్తరం గోడ మీద కూడా పూస్తుంది. అట్లా పూసే తీగలు చాలా తక్కువ.

కానీ ఓపిక కావాలి. మా చెల్లె నాటాక నాలుగో ఏడాదికి గానీ పూలు చూడలేదు. మొదటి రెండు మూడేళ్లు పైన ఏమీ జరగనట్టే ఉంటుంది, అది కింద వేరు పెంచుకుంటూ ఉంటుంది. ఆ టైమ్‌లో చాలామంది విసుగొచ్చి పీకేస్తారు. మీ పిల్లలు అక్కడ నాటితే ఈ మాట తప్పకుండా చెప్పండి. ఇంకొకటి, కత్తిరించాలంటే పూలు అయిపోయిన వెంటనే కత్తిరించాలి. వచ్చే ఏడాది మొగ్గలు పాత కొమ్మల మీదే వస్తాయి కాబట్టి, చలికాలం చివర్లో కత్తిరిస్తే ఆ ఏడాది పూలు పోయినట్టే. ఆకులు కుక్కలు నమిలితే విషం, అది కూడా గుర్తుంచుకోమనండి.

ఇక మన ఊరి సంగతి. నేను ఆన్‌లైన్‌లో 900 రూపాయలు పెట్టి ఒక మొక్క తెప్పించాను. డిసెంబర్‌లో వచ్చింది. నీడ ఉన్న చోటే చూసి, ఎర్రమట్టి, మాగిన ఎరువు కలిపి పెట్టాను. ఫిబ్రవరి దాకా బాగుంది, కొత్త చిగురు కూడా వేసింది. నాకు ఎంత సంతోషమో! మార్చి చివర్లో ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. గ్రీన్ నెట్ కట్టాను, వేరు దగ్గర వరిగడ్డి పరిచాను, పొద్దున సాయంత్రం నీళ్లు పోశాను. ఏప్రిల్‌లో ఆకులన్నీ రాలాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటారు కదా, ఆ కార్తె రాకముందే మొక్క ఎండిపోయింది.

నీళ్లు తక్కువై కాదు, వేడి వల్ల. దాని వేర్లు పైపైనే ఉంటాయి, ఆకులు వెడల్పు. మన మే నెలలో 44 డిగ్రీల ఎండ, వడగాలి. రాత్రి కూడా గోడ చల్లబడదు. వేరు లాగే నీళ్ల కంటే ఆకు వదిలే నీళ్లు ఎక్కువైతే ఏ మొక్కైనా ఎంతసేపు ఆగుతుంది? పైగా దానికి చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయేంత గట్టి చలి కావాలి. మన జనవరి చలి దానికి సరిపోదు. అందుకే నా మాట సూటిగా చెబుతున్నాను. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, ఎక్కడైనా సరే, దీనికి డబ్బులు పెట్టకండి.

నీలం రంగు, ఊదా రంగు 'పాకే హైడ్రాంజియా' గింజలని ఫొటోలు పెట్టి అమ్ముతున్నారు. ఈ తీగ పూసేది తెల్లగానే. మట్టిని బట్టి నీలం, గులాబీ రంగులకు మారేది గుబురుగా పెరిగే వేరే హైడ్రాంజియా, చలికాలంలో నర్సరీల్లో కుండీల్లో కనిపిస్తుందే, అది. ఆ గింజలు కొని ఎవరూ మోసపోకండి.

సరే, కెమెరా ఇటు తిప్పుతున్నాను. ఇదిగో, మొదట చెప్పిన పడమటి గోడ. దీని మీద ఇప్పుడున్నది రాధామనోహరం. నర్సరీలో మధుమాలతి అని అడిగినా ఇస్తారు. మూడేళ్ల కింద మృగశిర కార్తెలో, మొదటి వానలు పడ్డాక నాటాను. మొక్క 120 రూపాయలు. ఇప్పుడు డాబా పిట్టగోడ దాటింది.

దగ్గరికి రండి. ఈ మొగ్గలు నేను మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు మూసుకుని ఉన్నాయి. ఇప్పుడు చూడండి, తెల్లగా విచ్చుకుంటున్నాయి. అందుకే సాయంత్రం దాకా ఆగాను. ఈ తెల్ల పువ్వు రేపటికి గులాబీ, ఎల్లుండికి ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులు కనిపించేది అందుకే. రాత్రి వాసనకు రెక్కల పురుగులు వస్తాయి, పగలు తేనెటీగలు, తేనెపిట్టలు. మా అమ్మ రోజూ రాత్రి అన్నం తిన్నాక ఇక్కడే కుర్చీ వేసుకుంటుంది.

దీనికి ఎండ కావాలి, కనీసం ఐదారు గంటలు. గోడను అంటుకోదు, రాలిన ఆకు తొడిమ గట్టిపడి ముల్లులా మారుతుంది, దానితో పట్టుకుని ఎక్కుతుంది. కాబట్టి ఇనుప జాలీ పెట్టాలి. సన్న తీగలు పెట్టకండి, బరువుకు వంగిపోతాయి. నేను మొదట ప్లాస్టిక్ తాళ్లు కట్టాను, రెండో వానాకాలంలో మొత్తం కిందికి జారింది. గోడకు అడుగున్నర దూరంలో రెండడుగుల గుంత తీసి, పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి నాటాను. నిలదొక్కుకున్నాక ఎండాకాలంలో వారానికి రెండుసార్లు నిండా నీళ్లు పోస్తే చాలు. యూరియా మాత్రం వద్దు. ఆకు కమ్ముకుంటుంది, పువ్వు రాదు. కొత్త చిగురు మీదే పూస్తుంది కాబట్టి ఫిబ్రవరిలో ధైర్యంగా మూడో వంతు కత్తిరించేయండి, చేతికి తొడుగులు వేసుకుని.

ఒకసారి పిండినల్లి పట్టింది. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొడితే పోయింది. కోతుల బాధ మీకు తెలిసిందే. పోయిన ఏడాది ఒక గుంపు వచ్చి సగం తీగ పీకింది. నెలన్నరకు మళ్లీ అల్లుకుంది. నేను దీన్ని ఇంతగా నమ్మడానికి అది కూడా ఒక కారణం.

ఇబ్బంది కూడా చెప్పాలి. పిలకలు విపరీతంగా వస్తాయి, నాలుగైదు అడుగుల దూరంలో కూడా. వారానికొకసారి చూసి తీసేయకపోతే పెరడంతా ఇదే అవుతుంది. ఇల్లు చిన్నదైతే, చోటు తక్కువైతే ఇది పెట్టకండి, సన్నజాజి పెట్టుకోండి. ఉత్తరం గోడకైతే మనీప్లాంట్‌ను నేలలో నాటి ఎక్కించండి. పూలు ఉండవు గానీ పచ్చగా ఉంటుంది.

ఈ మూల చూడండి, వేర్లతో సహా ఆరు పిలకలు తీసి కవర్లలో పెట్టాను. వానలు పడుతున్నాయి, నాటడానికి ఇదే సరైన సమయం. హనుమకొండ, కాజీపేట వైపు వాళ్లు ఎవరికైనా కావాలంటే కామెంట్‌లో రాయండి. డబ్బులేమీ వద్దు, జాలీ కట్టాక ఒక ఫొటో పంపండి చాలు.