కాన్పు బ్యాగు సర్దుకుందాం: తెరిచేది మీరు కాదు, మీ వాళ్ళు

నమస్తే అండి. ఈ మంచం మీద పరిచినవన్నీ మా చెల్లెలి కాన్పు బ్యాగులోకి వెళ్ళేవి. తనకిప్పుడు 35వ వారం. పక్క గదిలో పడుకుంది. ఆ బ్యాగు సర్దుతూ మీకూ చూపిస్తాను.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఈ బ్యాగు తెరిచేది మీరు కాదు. నొప్పులు పడుతూ మీరు లోపలుంటారు. బయట వరండాలో బ్యాగు పట్టుకుని అమ్మో, అత్తయ్యో, మీ ఆయనో ఉంటారు. నర్సమ్మ తలుపు తీసి "బిడ్డ బట్టలివ్వండి" అంటే వెతికేది వాళ్ళే. నా మొదటి కాన్పుకు బ్యాగంతా నేనే పొందికగా సర్దుకున్నాను. ఏది ఎక్కడుందో నాకొక్కదానికే తెలుసు. తెల్లవారుజామున బ్లడ్ గ్రూప్ రిపోర్టు అడిగితే మా అమ్మ బ్యాగు మొత్తం బెంచీ మీద బోర్లించింది. అదేమో నైటీల అడుగున, స్కానింగ్ కవర్లో ఉంది. అమ్మ చేతులు ఒకటే వణికాయని తర్వాత మా ఆయన చెప్పారు. అందుకే ఈసారి చెల్లిని పడుకోమని, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని సర్దుతున్నాను.

36 వారాలు నిండేలోపు ఈ పని అయిపోవాలి. డ్యూ డేట్ 40 వారాలకు కదా, ఇంకా టైముంది అనుకోకండి. 37 నిండాయంటే ఏ రోజైనా రావచ్చు. కొందరికి ఇంకా ముందే వస్తాయి.

ముందు ఫైలు. ఇది బ్యాగు లోపల కాదు, పైన జిప్పు అరలో. గర్భిణి కార్డు, స్కానింగులు, రక్తపరీక్షలు తేదీల వరసలో పెట్టండి, కొత్తది పైన. ఆధార్, ఆరోగ్యశ్రీ లేదా ఇన్సూరెన్స్ కార్డుల జిరాక్సులు రెండేసి. ఫైలు అట్ట మీద మార్కరుతో బ్లడ్ గ్రూప్ పెద్దగా రాయండి. తల్లిది నెగటివ్ గ్రూపయితే ఇది మరీ ముఖ్యం. బిడ్డది పాజిటివ్ అని తేలితే తల్లికి 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. ఆ సంగతి అడిగే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. ఆస్తమా, థైరాయిడ్, ఏదైనా మందు పడకపోవడం ఉంటే అవీ అట్ట మీదే. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చేవాళ్ళయితే, అక్కడి డాక్టరు దగ్గర కాగితాలన్నీ తీసుకునే బయలుదేరండి. ఒక్క రిపోర్టు అత్తగారింట్లో ఉండిపోయినా మళ్ళీ పరీక్షే.

ఇప్పుడు మూడు గుడ్డ సంచులు. ఒక్కోదాని మీద కాగితం అంటించి, రాసి పెడుతున్నాను: "లేబర్ రూముకు", "బిడ్డకు", "వార్డులో అమ్మకు".

లేబర్ రూము సంచి చిన్నది. మంచినీళ్ళ సీసా, జారని రబ్బరు చెప్పులు, జుట్టుకు రబ్బరు బ్యాండు, పెదాలకు రాసుకోవడానికి వ్యాజిలైన్. నొప్పుల్లో నోటితో ఊపిరి తీసి తీసి పెదాలు పగిలిపోతాయి.

బిడ్డ సంచి దగ్గర కాసేపు ఆగుదాం. ఇవి మా అమ్మ పాత నూలు చీరలు. మీటరు పొడవు ముక్కలుగా చింపి, గంజి పెట్టకుండా ఉతికి, మంచి ఎండలో ఆరబెట్టాం. పొత్తిళ్ళకు వీటిని మించిన మెత్తదనం కొత్త గుడ్డలో రాదు. ఇరవై ముక్కలున్నాయి. మొదటి రెండు మూడు రోజులు బిడ్డ విరేచనం నల్లగా, తారులా జిగటగా ఉంటుంది. పాత గుడ్డయితే పారేయొచ్చు.

అమ్మమ్మలూ, ఇది మీకే చెబుతున్నాను, మరిచిపోవద్దు. బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన బట్టలు పసిబిడ్డకు వాడకండి. వాటిలోని నాఫ్తలీన్, జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలను పగలగొట్టి, కామెర్లు తీవ్రం చేస్తుంది. ఆ లోపం ఉందో లేదో పుట్టిన రోజున మనకెలా తెలుస్తుంది? మేం ఆ బీరువా చీరలు ముట్టుకోలేదు. బయట దండెం మీదుండే చీరలే చింపాం.

వీటితోపాటు ముందు ముడులు వేసే జుబ్బాలు ఆరు, టోపీలు రెండు, మేజోళ్ళు, ఒక మెత్తటి దుప్పటి. తడి తలతో పుట్టిన బిడ్డకు ఏసీ గదిలో ఒంటి వేడి ఇట్టే పోతుంది, టోపీ తప్పనిసరి. సబ్బు, పౌడరు, నూనె, కాటుక ఇక్కడే ఉండనివ్వండి. మొదటి స్నానం కనీసం ఒక రోజు ఆగి చేయించమనే చెబుతారు.

పాలసీసా, డబ్బాపాలు కూడా వద్దు. డాక్టరు రాస్తే అప్పుడు కొనుక్కోవచ్చు. పుట్టిన గంటలోపు బిడ్డను రొమ్ముకు పట్టించాలి, సిజేరియన్ అయినా సరే. పసుపుపచ్చగా, చిక్కగా, కొంచెమే వచ్చే ముర్రుపాలే ఆ బిడ్డకు సరిపడా ఆహారం. ప్రేమతోనే తేనె నాకించాలని, పంచదార నీళ్ళు పోయాలని చూసే పెద్దవాళ్ళుంటారు. ఏడాదిలోపు పిల్లలకు తేనె ప్రమాదం. ఈ మాట ఆసుపత్రిలో కాదు, ఇప్పుడే, ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు నెమ్మదిగా చెప్పండి.

వార్డు సంచిలోకి ముందు జిప్పు ఉన్న నైటీలు నాలుగు. సిజేరియన్ అయితే లంగా నాడా కుట్లకు ఒరుసుకుంటుంది, అందుకని చీరలు వద్దు. లోదుస్తులు నడుము పైదాకా వచ్చేవి, ఒక సైజు పెద్దవి, ముదురు రంగువి. పెద్ద ప్యాడ్లు రెండు ప్యాకెట్లు. కాన్పు తర్వాత రక్తస్రావం మొదట్లో బాగా ఉంటుంది, క్రమంగా తగ్గుతూ వారాలపాటు సాగుతుంది. కానీ గంటకో ప్యాడు తడిసిపోతుంటే మొహమాటపడకుండా నర్సును పిలవండి. తువ్వాళ్ళు, బ్రష్షు, చెవులకు కట్టుకునే గుడ్డ.

బంగారం ఇంట్లో తీసిపెట్టండి. ఉంగరాలు, మెట్టెలు వేళ్ళు ఉబ్బకముందే తీయాలి. సీమంతం గాజులు కూడా థియేటరులోకి వెళ్ళేముందు తీయమంటారు. గోళ్ళ రంగు తుడిచేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరుకు అడ్డొస్తుంది.

తోడుండేవాళ్ళకు వేరే చిన్న సంచి: దుప్పటి, వాళ్ళ బీపీ, షుగర్ మాత్రలు, ఫ్లాస్కు, పొడుగు వైరున్న చార్జరు, వంద రూపాయల నోట్లు కొన్ని. రక్తం ఇవ్వగలిగిన ఇద్దరి ఫోన్ నంబర్లు కాగితం మీద. ప్రభుత్వాసుపత్రిలో అయితే జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద మందులు, ఆపరేషన్, రక్తం ఉచితం. భోజనం కూడా సాధారణ కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు పెడతారు.

ఇప్పుడు పరీక్ష. అమ్మా, కళ్ళజోడు తీసేయ్. బిడ్డ టోపీ ఇవ్వు. చూశారా, ఇచ్చేసింది. ఫైలు? అదీ ఇచ్చింది. మీ ఇంట్లోనూ ఇలాగే ఒకసారి తీయించి చూడండి.

ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా బ్యాగు కోసం ఆగొద్దు. ఫైలు, ఫోను పట్టుకుని 108కి చేసి బయలుదేరండి. బ్యాగు వెనకాల ఎవరో ఒకరు తెస్తారు. మాదైతే ఇవాళ్టి నుంచి వీధి తలుపు పక్కనే, చెప్పుల స్టాండు మీద ఉంటుంది.